పట్టాలు వేసుకుంటూ పోయే బండి

నా చిన్నప్పుడు మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పిల్లల ఆటలో కూడా హోదాలుండేవి. సాయంత్రమైతే క్వార్టర్ల వెనక సందులో రైలాట మొదలయ్యేది. ఎవరి నాన్నది ఏ డ్యూటీ అయితే ఆ పిల్లలకు ఆటలో ఆ డ్యూటీ. మా నాన్న డ్రైవరు కాబట్టి ఇంజను నేనే. గార్డుగారి అబ్బాయి ఆకుపచ్చ గుడ్డ పట్టుకుని చివరన. మా తమ్ముడూ, మిగతా పిల్లలూ నడుమ పెట్టెలు. చివరి వరస క్వార్టర్లలో ఉండే పాయింట్స్‌మన్ కూతురికి మాత్రం బండిలో చోటే లేదు. గోడ పక్కన నిలబడి, అక్కడ లేని మీటను లాగి మాకు దారి మార్చేది. పుట్టుకతో పనిని అంటగట్టడం అన్యాయమని తరవాతి కాలంలో ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో లెక్కలేదు. ఆ సందులో మాత్రం అది మాకు ప్రకృతి ధర్మంలాగే కనిపించేది.

నా బండి అచ్చం మా నాన్న బండిలాగే నడిచేది. దాధాపారా, చకర్‌భాఠా, బిల్హా... ఒక్క స్టేషను కూడా తప్పించేదాన్ని కాదు. సిగ్నల్ పడకపోతే అవుటర్‌లో ఆపేసేదాన్ని. చెమటలు కారుతున్నా పెట్టెలు కదలకూడదు. "ఇంకా ఎంతసేపే అక్కా?" అని తమ్ముడు ఏడుపు మొహం పెడితే, "లైన్ క్లియర్ రాలేదు, నోరు ముయ్యి" అని కసిరేదాన్ని.

ఒక వేసవిలో రైల్వే పాసు మీద విజయనగరం వైపు మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాం. తిరిగొచ్చిన రోజే సందులోకి పరిగెత్తాను. నేను లేకుండానే బండి నడుస్తోంది. ముందు ఉన్నది ఆ పాయింట్స్‌మన్ కూతురు! పైగా ఆ బండి దాధాపారా వైపు పోవటం లేదు. వంతెన లేకుండా అర్పా నది దాటింది. మబ్బుల దగ్గర ఆగి నీళ్ళు పట్టుకుంది. అక్కణ్ణుంచి సముద్రం అడుక్కి దిగుతోంది. చివర ఉన్న పిల్ల నేల మీది రెండు కర్రలు ఏరుకుని ముందుకు పరిగెత్తి, ఇంజను కాళ్ళ ముందు పరిచి, ఇంజను వెనకే చేరిపోతుంది. బండంతా వాటి మీదుగా దాటాక ఇప్పుడు చివర మిగిలిన పిల్లది వంతు. పట్టాలు లేనిచోటికి పట్టాలు వేసుకుంటూ పోయే బండి అది. గార్డుగారి అబ్బాయి సైతం జెండా పారేసి కర్రలు మోస్తున్నాడు.

సముద్రాన్ని నేను ఆ సెలవుల్లోనే భీమిలిలో కళ్ళారా చూసొచ్చాను. ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. నా సముద్రం ఉప్పగా ఉంది, అలలొచ్చాయి, అంతటితో అయిపోయింది. ఆమె సముద్రంలో చేపలు రైలెక్కడానికి వరసలో నిలబడ్డాయి. ఒక ముసలి చేపకు కిటికీ పక్కన చోటు కావాలట. పిల్లలంతా నన్ను వదిలేసి ఆ ముసలి చేప సంగతి అడుగుతున్నారు. నా కడుపు భగ్గుమంది. నా వస్తువేదో ఆమె లాక్కుని ఉంటే తిరిగి లాక్కునేదాన్ని. ఆమె దగ్గరున్నది నాకు ఎప్పుడూ లేనిది. దాన్ని లాక్కోవడం ఎలా?

తిన్నగా మా పెద్దనాన్న దగ్గరికి వెళ్ళాను. ఆయనకు అబద్ధమంటే పడదు. మా ఊళ్ళోనే తార్‌బహార్ పేటలో ఒకాయన తనకు దేవుడు పూనాడని నిమ్మకాయలు కోస్తుంటే, నలుగురిలో నిలబెట్టి ప్రశ్నలడిగి ఆ దేవుణ్ణి దింపేసిన మనిషి. ఆదివారాలు మా వరండాలో వాదాలు నడిచేవి. "ఋజువేటి?" అన్న మాట నేను అక్కడే నేర్చుకున్నాను. ఇక ఆ పిల్ల పని అయిపోయిందనుకున్నాను.

"పెద్దనాన్నా, ఆ గుంట అబద్ధాలు చెప్పి పిల్లలందర్నీ చెడగొట్టేస్తంది. రైలు సముద్రం కింద ఎళ్తాదంట!"

"అచ్ఛా! ఇంజను ఎవరే?"

"అదే."

"ఊఁ. ఆ ముక్కే నీకు బాగా గుచ్చుకున్నట్టుంది. పద."

సందులో బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఆయన ఆ పిల్లను పిలిచాడు. ఆమె కర్రలు వెనక దాచుకుని వచ్చింది. ఆట ఆపేయిస్తారని పిల్లలంతా బిక్కమొహాలు వేశారు.

"ఏటమ్మా, నీ బండి సముద్రం కింద ఎళ్తాదా?"

"ఎళ్ళదు బాబూ. ఎళ్తాదని అనుకుంటన్నాం, అంతే."

"మరి ఎవరన్నా నమ్మకపోతేనో?"

"నమ్మక్కర్లేదు బాబూ. ఒంతొచ్చినప్పుడు కర్రలు మోస్తే సాలు."

పెద్దనాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. తరవాత నావైపు తిరిగి, నాది నిజం బండి కదా, నడిపి చూపించమన్నాడు. నేను పొంగిపోయి తమ్ముణ్ణి వెనక నిలబెట్టి, మోచేతులు మడిచి గట్టిగా కూత వేశాను.

"ఆగు. ఆ కూత ఎవరిది?"

"ఇంజనుది."

"నీ నోటిది కదే! నిజమే కావాలన్నావు. తీసీ కూత. ఎనకాల ఉన్నదేటి?"

"పెట్టె."

"ఏరా, నువ్వు పెట్టెవా?"

"కాదు పెద్దనాన్నా!" అని వాడు మహా సంతోషంగా నా గౌను వదిలేసి గోడెక్కాడు.

ఆ తరవాత స్టేషను పోయింది, సిగ్నల్ పోయింది, పట్టాలూ పోయాయి. చివరికి మోచేతులు మడుచుకుని సందు మధ్య నేనొక్కదాన్నే మిగిలాను. బండి ఏదే అని ఆయన అడిగాడు. మెల్లగా చేతులు దించాను. అందరూ నవ్వారు, ఆ పిల్ల తప్ప. అదీ భరించలేకపోయాను.

"తార్‌బహార్ ఆయన నమ్మమన్నాడే గుంటా, ప్రశ్నడిగితే శపిస్తానన్నాడు. ఈ పిల్లనడిగితే కాదనే చెప్పింది. ఆ తేడా చూడకుండా ఋజువు ఋజువని అరిస్తే దాన్ని తర్కం అనరు, కుళ్ళు అంటారు." ఇంతే అని పెద్దనాన్న లేచి వెళ్ళిపోయాడు.

బండి మళ్ళీ కదిలింది. ఇంటికి పోవాలా, చివర చేరాలా? చివరే చేరాను. కుళ్ళు తగ్గి కాదు. నా వంతు రాగానే కర్రలు తెచ్చి, తిన్నగా కాకుండా గోడకేసి అడ్డంగా పరిచాను. ఇప్పుడు చూద్దాం ఎలా పోతుందో అనుకున్నాను.

ఆ పిల్ల అడుగు కూడా తగ్గించలేదు. "మలుపొచ్చిందర్రా! ఒంగండి, ఒంగండి!" అని అరిచింది. బండంతా ఒక పక్కకి ఒరిగి, గోడను రాసుకుంటూ కుళాయి చుట్టూ తిరిగి, ఎవరూ అనుకోని దారిలోకి దూసుకుపోయింది. పిల్లలు కేకలు పెట్టారు. "ఇంకో మలుపు ఎయ్యే అక్కా!" అని బతిమాలింది మా తమ్ముడే.

ఇప్పుడు బిలాస్‌పూర్ పక్కనే తిఫ్రాలో మా ఇంటి వరండాలో కూర్చుని, చేతిలోని ఫోను నిండా వచ్చిపడే పూర్వీకుల గొప్పల్ని చూస్తుంటాను. ఊహను ఊహ అని ఒప్పుకోకుండా చరిత్ర అని నమ్మించేవాళ్ళను నేనింకా వదలను, ఓపికున్నంత కాలం ఋజువడుగుతాను. అదే వరండాలో మా మనవరాలు గోడకేసి చూస్తూ తనలో తాను మాట్లాడుకుంటుంటే, చదువు మానేసి పగటి కలలేమిటని దాని తల్లి గసురుతుంది. అప్పుడు నేను కోడలి మీదే తగువుకు దిగుతాను. నమ్మమనేవాడు వేరు, అనుకుందాం రమ్మనేవాళ్ళు వేరు. ఆ సందులో పట్టుకున్న ఈ తేడాతోనే ఇన్నేళ్ళు వాదించాను, రాశాను.

అయితే ఒకటి మాత్రం నాకు పట్టుబడలేదు. వాదంలో ఎవరైనా కావాలని అడ్డంగా ప్రశ్న వేస్తే నేను ఠక్కున ఆగిపోతాను, అది ఎందుకు వంకరో నిరూపించడానికి కూర్చుంటాను. ఆ పిల్ల ఆగలేదు. నా అసూయనే దారి చేసుకుని అందర్నీ ఎక్కించుకుపోయింది. అలా పోగలిగిన మనిషి ఈ వయసులో ఎదురైనా సరే, మెచ్చుకోవడానికి ముందు నాకు కడుపు మండుతుంది.