పూడ్చేసిన మగ్గం గుంత

ఈ వేలూరు వీధిలో ఎవరింట్లో గంజి కాగినా, ఆ పులిసిన బియ్యపు వాసనకి నేను చేతిలో పని ఆపి నిలబడిపోతాను. అది గుడియాత్తంలో మా నేతవాళ్ళ వీధి వాసన. తెల్లారేసరికి వీధి పొడుగునా నూలు పడుగులు చాచి మగవాళ్ళు గంజి పూస్తూ ఉండేవాళ్ళు, ఆడవాళ్ళు సంగటి కెలుకుతా వాకిట్లోకి కేకలేసేవాళ్ళు, ముసురు పట్టి పడుగు ఆరని రోజుల్లో మగ్గాలు ఆగిపోతే పిల్లలం గచ్చకాయలు పట్టుకుని మగ్గం గుంత అంచున చేరేవాళ్ళం. నేసేవాళ్ళు కాళ్ళు దించుకుని కూర్చునే ఆ గుంత మా నట్టింట్లోనే ఉండేది. ఇంట్లో ఎవరు ఎటు పోవాలన్నా దాని పక్కన ఒదిగి పోవాల్సిందే.

నాకు ఆ భాగ్యం ఎన్నాళ్ళు? తనకి పిల్లలు లేరని పెద్దమ్మ నన్ను పెంచుకోవడానికి ఎద్దుబండిలో తన ఊరు తొరపాడికి తీసుకుపోయింది. చెల్లెలు మునెమ్మ అమ్మ దగ్గరే ఉండిపోయింది. ఆడి కృత్తిక పండక్కి నేను చుట్టంలా పోతే, అది పొంగలి గిన్నె పట్టుకుని, వెనక్కి తిరిగి నాతో మాట్లాడుతూనే గుంత పక్కగా జారిపోయేది. నేను కిందికి చూసుకుంటూ నడిచేదాన్ని. ఒళ్ళు మండిపోయేది. పొంగలి ఎట్లుందక్కా అంటే బెల్లం చాల్లేదనేదాన్ని.

నాయన పోయాక మగ్గం తీసేసి, గుంత పూడ్చి అలికేశారు. అయినా అమ్మా, మునెమ్మా అది ఉన్న చోటు చుట్టూ తిరిగే నడిచేవాళ్ళు, ఆ సంగతి వాళ్ళకే తెలీదు. ఇల్లు తలలో ఏ మూల దాక్కుంటుందో గానీ, రోజూ తిరిగినవాళ్ళ కాళ్ళకే దొరుకుతుంది.

ఆఖర్లో అమ్మకి మనుషులు గుర్తుండేవాళ్ళు కాదు. ఒక మధ్యాహ్నం నేను గంజి తీసుకుని నట్టింట్లో తిన్నగా నడిచాను.

"ఎవురమ్మా నువ్వు? గుంతలో పడతావు, పక్కన పో" అనింది మంచం మీంచి.

"నేనేమ్మా, నీ పెద్దకూతుర్ని."

"నా పిల్లోళ్ళకి గుంత యాడుండాదో తెల్సు" అని మొహం తిప్పుకుంది.

మునెమ్మ నా చేతిలో గిన్నె తీసుకుని, చుట్టూ తిరిగి పోయి తాగించింది. అమ్మ బుద్ధిగా తాగింది. ఆ రోజు చెల్లెలి మీద పుట్టిన కడుపుమంట ఇంకా ఆరలేదు.

ఇప్పుడు అమ్మ లేదు, ఆ ఇల్లు లేదు, వీధుల్లో పడుగులు చాచేవాళ్ళూ లేరు. పోయిన వారం మునెమ్మ మా ఇంటికొచ్చి, వంటింట్లోకి పోతూ పోతూ నట్టింట్లో పక్కకి ఒదిగింది. ఇక్కడ ఏ గుంతా లేదు. మునెమ్మ తన ఇంటికి తిరిగి పోయాక తలుపేసుకుని నేనూ అట్లా నడిచి చూశాను. ఎక్కడ ఒదగాలో తెలియలేదు.