ఓబుళమ్మ చూడని వెలుగు

ఎనిమిదేళ్లుగా ఓబుళమ్మ జమ్మలమడుగులో తీగ చట్రాలకు చీరగుడ్డ కుట్టి, కరెంటు బల్బులకు టోపీలు తయారుచేస్తోంది. ఆమె ఇంట్లో కరెంటు లేదు. కుట్టు బాగుందో లేదో ఎండకు పట్టి చూసుకుంటుంది. ప్రొద్దుటూరులో టోపీలు ఇచ్చేసి, పొద్దుగూకకముందే ఆఖరి బస్సు ఎక్కాలి.

1963లో ఒక మధ్యాహ్నం, టోపీ కొన్న జానకమ్మను అడిగింది.

“అమ్మా, ఒక్కసారి లైటెయ్యి. నా టోపీ ఎలిగితే ఎట్లుంటాదో చూస్తా.”

“పట్టపగలు దీపమేంది? ఇంటికి మంచిది కాదు. సాయంత్రందాకా ఉండు.”

“నువ్వుంటావులేమ్మా. నా బస్సుంటాదా?” అని విసురుగా ఖాళీ బుట్ట ఎత్తుకుంది.

ఆ రోజు బస్సు ఆలస్యంగా, పొద్దుగూకినాక కదిలింది. దారి పొడవునా ప్రొద్దుటూరు కిటికీల్లో ఆమె కుట్టిన టోపీలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఓబుళమ్మ బుట్టమీద తల వాల్చి అప్పటికే నిద్రపోయింది.