చిటికెనవేలి దగ్గర మాచిపత్రి పొగ

ఆ రోజుల్లో, అంటే ఐర్లండ్‌లో రింగాస్కిడీ అనే ఊళ్లోని ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరుగా కొత్తగా చేరిన రోజుల్లో, లోకంలో ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంటుందనీ, దాన్ని పొల్లుపోకుండా పాటిస్తే ఫలితం వచ్చి తీరాల్సిందేననీ నాకు గట్టి నమ్మకం. (అప్పటికే పెళ్లయినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదంటే నేనెంత మొండివాణ్ణో ఊహించుకోండి.) సరిగ్గా అప్పుడే, మా ఆవిడ కడుపులో బిడ్డ తల పైకి పెట్టుకుని దర్జాగా కూర్చుందని స్కానింగులో తేలింది. "ఇంకా టైముంది, తిరుగుతుందిలే, అంతా గ్రాండ్" అంది మిడ్‌వైఫ్. (ఇక్కడివాళ్లకి బాగానే ఉన్నదంతా గ్రాండే.) తిరక్కపోతే ఆపరేషనే. మా ఆవిడకి ఆ మాటంటేనే వణుకు. కంచంలో అన్నం కెలుకుతూ కూర్చునేది.

అది చూడలేక, ఆఫీసులో ఎవరో చెబితే, పక్కనే కార్క్ నగరంలో ఉన్న ఒక చైనా వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఎండిన ఆకు దంచి కాగితంలో చుట్టిన లావుపాటి చుట్టల్లాంటివి ఇచ్చింది. ముట్టించి, కాలి చిటికెనవేలి గోరు పక్కన, ఒంటికి తగలకుండా, సెగ మాత్రం తెలిసేలా పట్టుకోవాలట. ఆ వేడికి లోపల బిడ్డ కదిలి తలకిందులవుతుందట. మిడ్‌వైఫ్‌ని అడిగితే, "కాలకుండా చూసుకోండి, కిటికీలు తెరవండి" అంది. పనిచేస్తుందా అంటే మాత్రం భుజాలెగరేసింది.

మొదటిరోజు చుట్ట అంటించగానే, పురిటి సాయానికి తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు ముక్కు ఎగబీల్చారు.

"ఇది మాచిపత్రి వాసన కదూ? వినాయకుడి పూజకి వేసేదాన్ని తగలెడుతున్నారేంటి బాబూ?"

"వైద్యం అత్తయ్యగారూ."

"మా అమ్మమ్మ వాతలు పెడితే మూఢనమ్మకమన్నారు. ఇంజనీరు పెడితే వైద్యమా?"

"ఇది వాత కాదండీ. ఒంటికి తగలదు."

"తగలని వాత ఇంకెందుకు?"

రోజూ సాయంత్రం నేల మీద కూర్చుని, మా ఆవిడ పాదం ఒళ్లో పెట్టుకుని, నా వేలు పక్కన ఆనించి సెగ చూసుకుంటూ తపస్సు చేసేవాణ్ణి. ఒకరోజు తను "అయ్యో, కదిలింది!" అని అరిచింది. "కదలొద్దని చెప్పానా?" అని నేను కసురుకున్నాను. "నేను కాదండీ, లోపల!" అంది. ముగ్గురం గుడ్లప్పగించి ఆ పొట్ట వంకే చూస్తూ ఉండిపోయాం. అత్తగారైతే పొగకే దణ్ణం పెట్టేశారు.

మళ్లీ స్కానింగు చేస్తే, బిడ్డ కూర్చున్న చోటే కూర్చుని ఉంది.

ఆపరేషన్ గదిలోకి నన్నూ రానిచ్చారు. అలవాటు ప్రకారం తిన్నగా మా ఆవిడ కాళ్ల దగ్గరికెళ్లి నిలబడ్డాను. నర్సు నా భుజం పట్టుకుని తల దగ్గరికి నడిపించింది. "ఇక్కడా కాళ్లేనా?" అంటూ మా ఆవిడ నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత ఆ మొహంలో నవ్వు చూశాను. ఆ నవ్వు పూర్తిగా ఆరకముందే మా అమ్మాయి ఏడుపు వినిపించింది.

"ఎదురుకాళ్ల పిల్ల!" అని అత్తగారు మురిసిపోయారు. అలా పుట్టినవాళ్లు తంతే నడుం పట్టు వదులుతుందని మనవాళ్ల నమ్మకం కదా. కోసి తీసినా ఎదురుకాళ్లేనని ఆవిడే తీర్పు చెప్పి, తన నడుముకి పసిపాదం ఆనించుకుని, "హమ్మయ్య" అన్నారు. సంగతి పాకి, కొన్నాళ్లకి తెలుగు ఆంటీలు కార్లేసుకుని వచ్చి మా హాల్లో వరసగా బోర్లా పడుకునేవారు. పిల్ల తన్నేది. వాళ్లు మురుకులు ఇచ్చి వెళ్లేవారు.

మొన్న శనివారం తోటలో గడ్డి కోస్తూ నాకే నడుం పట్టేసింది. కార్పెట్ మీద బోర్లా పడుకుని అమ్మాయిని పిలిచాను. "సీరియస్‌లీ, డాడ్?" అంటూనే వచ్చి, కాలితో మెల్లగా తన్ని, పాదం అక్కడే ఉంచి, తగ్గిందా అని అడిగింది. ఏమీ తగ్గలేదు. "తగ్గుతోందమ్మా, తియ్యకు" అన్నాను.