గొర్రు పట్టిన జ్వరం

హైకోర్టులో, జడ్జీల ముందర, నా పెండ్లాం ఎదురుగా నా పరువు నేనే తీసుకున్న కత చెప్తా, ఇనండి. పక్కనోళ్ల మీదికి నెట్టేదానికి లేదు. మొత్తం నా సొంత సేద్యమే.

మాది బెళుగుప్ప దిక్కు. అప్పట్లో నా నోట్లో ఒకటే మాట, రేపు. బోరు మోటరు కాలిపోతే రేపు, ఇంటి తలుపు ఊడిపోతే రేపు. నా భార్య వనజ ఆ రేపుతో ఏండ్ల తరబడి సంసారం చేసి, విసిగి, ఫ్యామిలీ కోర్టుకు పోయింది. వాయిదాలకు కూడా రేపు పోదాంలే అనుకుంటి. నేను లేకుండానే విడాకులు ఇచ్చేసినారు.

తీర్పు చేతికొచ్చినాక గానీ గుండె కలుక్కుమనలేదు. వనజ లేని ఇల్లు నాకొద్దు. అనంతపురంలో తెలిసిన వకీలన్న కాళ్ల మీద పడితి.

"హైకోర్టులో అప్పీలు వేద్దాం. నెల లోపల వేయల్ల. దాటితే వాకిలి మూస్తారు, తెలిసిందా?" అన్నాడు.

తెలిసిందన్నా అంటి. ఈసారి రేపు అనేది లేదని ఒట్టు కూడా పెట్టుకుంటి. గడువు ఇంక అయిపోతాది అనంగా, సంతకాలకు రమ్మంటే బ్యాగు భుజానేసుకుని బస్టాండులో నిలబడితి. సరిగ్గా అప్పుడే పడింది వాన.

సీమోళ్లకు చెప్పే పని లేదు, మిగతావాళ్ల కోసం చెప్తాండా. వాన పడి నేల విత్తనానికి తయారైతే దాన్ని పదును అంటాం. రెండు పొద్దులు దాటితే ఆరిపోతాది, మళ్లీ ఎప్పుడో దేవునికి కూడా తెలీదు. దీపముండంగానే ఇల్లు చక్కబెట్టుకోవల్లంటారు కదా, మా దిక్కు పదునుండంగానే చేను చక్కబెట్టుకోవల్ల. కోర్టు యాడికి పోతాది, ఆడనే ఉంటాది అనుకుని, వచ్చిన బస్సును వదిలేసి ఇంటికి ఉరికితి.

నా చేను అయ్యేలోపల కంబదూరు దిక్కునుంచి మా అత్త, అదే వనజోళ్లమ్మ, కబురంపింది. ఆమె చేనుకు ఏటా నా ఎద్దులే, విత్తనమేసే గొర్రూ నాదే. విడాకులు మనుషులకు గానీ పదునుకేం తెలుసు? పోతి. గొర్రు నేను పట్టుకుంటి. దాని మీదుండే జడ్డిగంలో శెనక్కాయ విత్తనం పోస్తా వెనకాల ఎవరన్నా నడవల్ల కదా. వచ్చింది వనజే. పొద్దుగూకేదాకా సాళ్లు తిరిగితిమి. నేను మాట్లాడింది ఎద్దులతోనే, ఆమె తిట్టింది కూడా ఎద్దులనే.

విత్తనం అయిపోయింది, గడువూ అయిపోయింది. వకీలన్న తల పట్టుకున్నాడు. లేటును మన్నించమని ఇంకో పిటిషన్ వేయల్ల, ఎందుకు లేటయిందో ప్రమాణం చేసి రాయల్ల అన్నాడు. వాన అని చెప్పింటే పోయేది. విత్తనమేస్తా పెండ్లాన్ని మర్చిపోయినానంటే ఏ జడ్జి ఒప్పుకుంటాడని నా తెలివికి తోచింది.

"విషజ్వరమన్నా. మంచం మీదనుంచి లేయలేదు," అంటి.

ఆయప్ప పాపం నమ్మి అట్లే రాసినాడు. దర్జాగా సంతకం చేస్తి.

హైకోర్టులో ఇద్దరు జడ్జీలు కూచోనుండారు. అందులో పెద్దాయన కాగితం చదివి వనజ దిక్కు తిరిగినాడు. "ఈయనకు జ్వరమట. నువ్వేమంటావమ్మా?"

నాకప్పుడు తట్టింది. లోకంలో ఇంతమంది ఉండంగా, ఆ పొద్దు నా వెనకాల నడిచిన మనిషి ముందరే జ్వరమని ప్రమాణం చేసినా. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. నాది పోయి పోయి వనజ చీరకొంగుకే అతికింది.

"జ్వరం లేదు, గిరం లేదు సార్. ఆ పొద్దు మా అమ్మ చేన్లో గొర్రు తోల్తాండె. విత్తనం పోసింది నేనే."

హాలంతా నవ్వింది. వకీలన్న చూసిన చూపుకు నాకు నిజంగానే జ్వరమొచ్చినట్టాయె. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కోర్టుకు అబద్ధం చెప్తే ఏమవుతుందో తెలుసా అని గద్దించినాడు. అయిపాయె, ఇంక వనజ నాకు లేదు అనుకుంటి.

"అయితే ఈ అప్పీలు కొట్టేయమంటావా?" అని ఆమెనే అడిగినాడాయన.

వనజ కొంగు దోపుకుని ఒక అడుగు ముందుకేసింది. "ఈ మనిషి రేపు అనకుండా చేసిన పని జన్మలో ఒక్కటే సార్. అది మా అమ్మ చేను. ఆ లేటు నా లెక్కలో రాసుకోండి."

లేటును మన్నించి, మమ్మల్ని కూచోని మాట్లాడుకోమని పంపినారు. మాట్లాడుకుంటిమి. ఆ ఏడు మళ్లీ వాన ముఖం చూపలేదు, శెనక్కాయ చేన్లోనే ఎండిపోయింది. వనజ మాత్రం ఇంటికొచ్చింది.

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా, నా జత ఎద్దుల సాక్షిగా ప్రమాణం చేస్తాండా. ఈ జన్మలో జ్వరమని అబద్ధం చెప్పను గాక చెప్పను. ఇంక చెప్పినా లాభం లేదనుకోండి. మొన్న నిజంగానే ఒళ్లు కాలిపోతాంటే ముసుగుతన్ని పండుకుని, "వనజా, జ్వరంగా ఉండాదే," అంటి.

వంటింట్లోనుంచి తల కూడా బయటపెట్టకుండా అడిగింది.

"యా చేన్లో?"