రాబయ్య రెండుసార్లే పిలిచాడు

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. మా నాన్న మిషన్‌లో ఉపదేశి. నేను పుట్టి పెరిగింది ఆదోని మిషన్ కాంపౌండులో. పెద్దయ్యాక పంతులమ్మనై చాలా ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఎవరైనా నా ముందు దయ్యం మాట ఎత్తితే, రాత్రి ఏం తిన్నావని ముందు వాళ్ల కడుపు సంగతి అడుగుతాను.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే చెవులారా విన్నాను కాబట్టి. అదీ పట్టపగలు. నాతో పాటు విన్న మనిషి ఇప్పుడు లేదు. నేనూ పోతే చెప్పేవాళ్లుండరు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆదోని కొండ కింద మా కాంపౌండు బంగళాలో ఒక ఇంగ్లీషు మిషన్ దొర కుటుంబం ఉండేది. చలికాలం వస్తే గుడారాలు, మందుల పెట్టె, మడత హార్మోనియం ఎద్దుల బండ్ల మీద వేసుకుని కుటుంబమంతా కోసిగి, మాధవరం వైపు పల్లెలు తిరిగేది. మిగతా కాలం దొరసానమ్మ పొద్దున వరండాలో పిల్లల కళ్లకు మందు వేసేది, బుధవారం ఆడవాళ్ల కూటం నడిపేది, ఆదివారం మేం గుడి అనే చర్చిలో హార్మోనియం వాయించేది. వంటకు తీసినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్కన పెట్టి ఆదివారం గుడికి తేవాలని ఆమే నేర్పింది. మా దగ్గర బియ్యం ఎక్కడివి? అందరూ జొన్నలే తెచ్చేవాళ్లు. ఆమె వాటినే గంప నిండా చూసి మురిసిపోయేది.

ఆమె మునిషీ దగ్గర పుస్తకాల తెలుగు నేర్చుకుంది. "నీవు ఎచటికి వెళ్ళుచున్నావు?" అని అడిగేది. మా ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లు.

వాళ్లకు ఒక్కడే కొడుకు, రాబిన్. మా అమ్మ నోరు తిరగక వాడిని రాబయ్యను చేసింది. మా అమ్మే వాడికి ఆయా. నాకంటే కొంచెం చిన్నవాడు. బంగళాలో పెట్టిన గంజి వదిలేసి మా వంటింట్లో బొరుగుల ఉగ్గాని తినేవాడు. వాడికి ముందు వచ్చింది మా మాటే. "ఆయమ్మా, యాడికి పోతాండావు? నేనూ వస్తా" అని మా అమ్మ కొంగు పట్టుకుని తిరిగేవాడు. సొంత కొడుకు మాట దొరసానమ్మకు సగమే అర్థమయ్యేది.

ఇక్కడ మా అమ్మ అలవాటు ఒకటి చెప్పాలి. ఆమె పుట్టిల్లు కోసిగి దగ్గర. ఆమె చిన్నప్పుడు ఆ ఊళ్లో గత్తర, అదే కలరా, వచ్చి ఇళ్లకు ఇళ్లు ఖాళీ అయ్యాయట. గత్తరమ్మ వాకిట్లోకి వచ్చి, మనకు ఇష్టమైనవాళ్ల గొంతుతో పిలుస్తుందని, పలికితే వెంట తీసుకుపోతుందని అక్కడివాళ్ల నమ్మకం. దానికి మూడోసారి పిలిచే శక్తి లేదట. అందుకని ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదు. అమ్మ గుడిలో చేరి మొక్కులన్నీ మానేసింది గానీ ఈ అలవాటు మాత్రం పోలేదు. దొరసానమ్మ బుధవారం కూటంలో ఎంత చెప్పినా తల ఊపేది, ఇంటికొచ్చి మళ్లీ అంతే.

ఈ నియమం రాబయ్యకు బాగా తెలుసు. బయట నుంచి వస్తే "ఆయమ్మా, ఆయమ్మా, ఆయమ్మా" అని మూడుసార్లు అరిచి గానీ గడప తొక్కేవాడు కాదు. ఇదేం మూఢత్వమని దొరసానమ్మ తల పట్టుకునేది.

దొరల ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. పిల్లలకు ఏడెనిమిదేళ్లు రాగానే సీమలో, అంటే ఇంగ్లండులో, బడిలో వేసి, తల్లిదండ్రులు తిరిగి ఇక్కడికి వచ్చేసేవాళ్లు. రాబయ్యకూ ఆ వయసు వచ్చింది. బండి ఎక్కిన రోజు వాడు ఏడవలేదు. "నేను వస్తా ఆయమ్మా" అన్నాడు, పక్క వీధికి పోతున్నవాడిలా. మా అమ్మ బండి వెనక రోడ్డు దాకా నడిచింది.

కొన్ని నెలలకు దొరసానమ్మ వాడు లేకుండా తిరిగొచ్చింది. మా అమ్మ ఊరుకోలేక అడిగేసింది.

"ఏందమ్మా, కన్నబిడ్డను అంత దూరాన ఇడిసిపెట్టి ఎట్ల వచ్చినావు?"

"అక్కడ మంచి బడి ఉన్నది" అని దొరసానమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట భోజనానికి బయటికి రాలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఓడలు ఆగిపోయాయి, ఉత్తరాలు ఆలస్యమయ్యాయి. మొదట్లో వాడు ఉత్తరాల్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు రాసేవాడు. దొరసానమ్మ అవి చదివి వినిపిస్తే అమ్మ మళ్లీ మళ్లీ చెప్పించుకునేది. ఏడాది తిరిగేసరికి ఆ మాటలు ఆగిపోయాయి. "తెలుగు మరచిపోయాడు" అని దొరసానమ్మ చెప్పింది. మా అమ్మ నమ్మలేదు.

ఇక ఆ రోజు సంగతి. ఎండలు ముదురుతున్న కాలం. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో కొత్తగా కట్టిన చిన్న గుడి తెరుస్తున్నారని దొర, దొరసాని, మా నాన్న పొద్దున్నే వెళ్లారు. కాంపౌండులో మేమే మిగిలాం. మిట్టమధ్యాహ్నం. వంటింట్లో అమ్మా నేనూ శనక్కాయలు ఒలుస్తున్నాం. నా ఒడి నిండా పొట్టు. ఎండకు వెనక తలుపు ఓరగా వేసి ఉంది.

"ఆయమ్మా!"

తలుపు అవతల నుంచి, చాలా దగ్గరగా. నా చేతిలో కాయ జారిపోయింది. అది రాబయ్య గొంతు. అప్పటికి వాడికి పదేళ్లుంటాయి, కానీ నేను విన్నది బండి ఎక్కిననాటి చిన్నపిల్లాడి గొంతు. నేను "ఆఁ" అనబోయాను. అమ్మ చటుక్కున నా నోరు మూసింది. ఆమె కళ్లు తలుపు సందు మీదే ఉన్నాయి.

"ఆయమ్మా, నేను వచ్చినా."

అమ్మ చేయి ఇంకా గట్టిగా బిగిసింది. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలియక కాదు. తెలుసు కాబట్టే భయపడింది. సముద్రం అవతల ఉన్నవాడు మా వెనక వాకిట్లోకి ఎలా వస్తాడు? ఇష్టమైనవాళ్ల గొంతుతోనే కదా అది పిలిచేది. మూడో పిలుపు కోసం ఇద్దరం ఊపిరి బిగబట్టాం. రాలేదు.

అప్పుడు అమ్మ లేచి తలుపు లాగింది. వాకిట్లో ఎవరూ లేరు. పొద్దున ఊడ్చిన చీపురు గీతలు మట్టిలో చెదరకుండా ఉన్నాయి. ఆడుకునే పిల్లలెవరైనా అనుకుందామంటే కాంపౌండులో పిల్లలంతా ఎమ్మిగనూరు బండ్లెక్కి పోయారు. నేను ఆ చుట్టుపక్కలంతా వెతికాను కూడా.

"ఎవురికీ సెప్పాకు" అంది అమ్మ. నేను చెప్పలేదు.

కొన్ని వారాలకు సీమ నుంచి కబురు వచ్చింది. బడిలో రాబయ్యకు విషజ్వరం వచ్చిందట. బతకడనుకున్నారట. గండం గడిచింది, కోలుకుంటున్నాడని దొరసానమ్మ ఏడుస్తూ, నవ్వుతూ వచ్చి చెప్పింది. జ్వరంలో వాడు ఏదో భాషలో మాట్లాడుతుంటే అక్కడ ఎవరికీ అర్థం కాలేదట. ఎప్పుడని అమ్మ అడిగింది. ఆమె చెప్పిన రోజులు ఎమ్మిగనూరు గుడి తెరిచిన వారంలోవే.

అమ్మ అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "బిడ్డ ఈడికి వచ్చినాడమ్మా. ఎనక తలుపు కాడ నన్ను పిలిసినాడు. నేను పలకలేదు" అని చెప్పేసింది. అంతే చెప్పింది. నా నోరు మూసిన సంగతి సిగ్గుపడి చెప్పలేదు.

ఇలాంటి మాటలకు మండిపడే దొరసానమ్మ ఆ రోజు అమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. ఒక్క మాటే అడిగింది.

"వాడు నన్ను పిలువలేదా?"

అమ్మ తల దించుకుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. కొడుకును అంత దూరాన వదిలి వచ్చిన తల్లి, వాడు ప్రాణం మీదికొచ్చి కేక వేస్తే అది తనకోసం కాదని వినాల్సి వచ్చింది. అదీ తను రోజూ చూసే ఆయా నోట.

ఆ రోజు నుంచి మా అమ్మ మారిపోయింది. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే "ఆఁ, వస్తాండా నాయనా" అని లేచేది. మజ్జిగమ్మే ముసలమ్మ వీధి చివర కేక వేసినా పలికేది. పక్కింటి మార్తమ్మ "ఏం సుందరమ్మక్కా, కాకి అరిసినా పలుకుతాండావే" అని ఆటపట్టించేది. అమ్మ నవ్వేది కాదు. పొయ్యి మీద రొట్టె మాడినా సరే, లేచిపోయి వెనక తలుపు తీసి చూసొచ్చేది. ఆ తలుపు పగలు మళ్లీ ఎప్పుడూ వేయనివ్వలేదు. వాడు వస్తే ఈసారి పలకాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

అది తీరలేదు. యుద్ధం ముగిసిన ఏడాదే కామెర్లు వచ్చి చనిపోయింది.

దొరలు ఇక ఈ దేశం వదిలి వెళ్తారనగా, వాళ్లను తీసుకుపోవడానికి రాబయ్య వచ్చాడు. మూతి మీద నూగు మీసం, తలుపు అంత ఎత్తు. ఒక్క తెలుగు ముక్క రాదు. నన్ను చూసి మర్యాదగా నవ్వాడు, అంతే. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. మా అమ్మ వీడి కోసమా అంత బాధపడింది అనిపించింది.

దొరసానమ్మ వాడిని మా ఇంటికి తీసుకొచ్చింది. ఇంట్లో తిరుగుతూ వెనక తలుపు దగ్గర ఆగిపోయాడు. ద్వారబంధం మీద చేయి పెట్టి నా వైపు తిరిగి, ఇంగ్లీషులో మెల్లగా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. దొరసానమ్మ ఒక్కొక్క మాటే తెలుగు చేసింది.

"బడిలో జ్వరము వచ్చినప్పుడు ఇక్కడికి వచ్చితిని అంటున్నాడు. నీవు ఇక్కడ కూర్చుంటివట. నీ ఒడిలో శనక్కాయల పొట్టు ఉన్నదట. రెండుసార్లు పిలిచితిని అంటున్నాడు."

అక్కడ ఆమె చెప్పడం ఆపి కొడుకు వైపు చూసింది. వాడు చెబుతూనే ఉన్నాడు. ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

"ఆయమ్మ నీ నోరు మూసినదట. వీని వైపే చూచినదట, గాని పలుకలేదట. వీడు విడిచి వెళ్లిపోయినందుకు ఆమెకు కోపము వచ్చినది అనుకున్నాడట. అందుచేత మూడవసారి పిలువలేదట."

అమ్మ నా నోరు మూసిన సంగతి మా ఇద్దరికే తెలుసు. మా నాన్నకూ తెలియదు, దొరసానమ్మకూ తెలియదు. ఆమెకు తెలియదని ఆమె ముఖం చూస్తేనే అర్థమైంది. నిజమా అన్నట్టు నన్ను చూసింది. నేను తల ఊపాను.

కోపం కాదు నాయనా, భయం అని చెప్పాను. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ మొదటి పిలుపుకే పలికిందనీ, కాకికి కూడా పలికిందనీ చెప్పాను. దొరసానమ్మ అదంతా వాడికి చెప్పింది. వాడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అన్నేళ్లు ఈ పిల్లాడు ఆయమ్మకు తన మీద కోపమని ఆ కోపాన్నే మోశాడు. అన్నేళ్లు మా అమ్మ పలకలేదే అని ఏడ్చింది. ఇద్దరినీ ఒక్క పూట ఎదురెదురుగా కూర్చోబెట్టగలిగి ఉంటే ఎంత బాగుండేది!

సాయంత్రం సమాధుల తోటకు వెళ్లాం. అమ్మ సమాధి ముందు వాడు టోపీ తీసి నిలబడ్డాడు. ప్రార్థన చేస్తాడనుకున్నాను. చేయలేదు.

"ఆయమ్మా" అన్నాడు. మాట సాగదీసి, పరాయి యాసలో. వాడికి మిగిలిన తెలుగు ఆ ఒక్క మాటే.

మజ్జిగ ముసలమ్మకు కూడా పలికిన మనిషి అక్కడ పలకలేదు. వాడు రెండోసారి పిలిచాడు. తర్వాత ఆగాడు. దొరసానమ్మ వాడి చేయి పట్టుకోబోయింది. వాడు మూడోసారి కూడా పిలిచాడు.

"ఆఁ, వస్తాండా నాయనా."

పలికింది నేనే. పలకాలని అనుకోలేదు. అచ్చం అమ్మ పలికినట్టే వచ్చింది. వాడు ఉలిక్కిపడి సమాధి వైపు చూశాడు, తర్వాత నా వైపు. మరుసటి వారం వాళ్లు రైలెక్కి వెళ్లిపోయారు. మళ్లీ ఎవరినీ చూడలేదు.

ఇది జరిగి చాలా కాలమైంది. పంతులమ్మ బుర్రతో ఎన్నో విధాలుగా ఆలోచించాను. జ్వరంలో వాడు కల కన్నాడంటే, మా ఇద్దరికీ వినపడిన పిలుపు ఎవరిది? నా ఒడిలో పొట్టు వాడికెలా కనపడింది? నాకు తెలియదు.

ఇంకో ఆలోచన కూడా వస్తుంది. అది మా అమ్మకు తట్టలేదు. ఆమె ఆ రోజు పలికి ఉంటే వాడు మా వాకిట్లోనే ఉండిపోయేవాడేమో, సీమలో ఆ మంచం మీద మళ్లీ కళ్లు తెరిచేవాడు కాదేమో. ఆమె పలకలేదు కాబట్టే బతికాడేమో. ఈ మాట అమ్మ బతికుండగా నాకు తోచి ఉంటే చెప్పేదాన్ని. నిజమైనా కాకపోయినా, ఆమె ఒక్క రాత్రి నిద్రపోయేది.