పికప్ పెరిగిన బాపు బండి

మందమర్రి కాలనీలో మా క్వార్టర్ ముందు ఉండే పాత టూ స్ట్రోక్ బండి బాపుది. అమ్మానాన్నల్ని మేము అవ్వ, బాపు అనే పిలుస్తాం. దాని మీదే బొగ్గుగనికి పోయేవాడు, దాని మీదే తిరిగి వచ్చేవాడు. ఆ బండితో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఒక్క మా అన్నకు తప్ప. అన్న కరీంనగర్‌లో ఒక గ్రానైట్ ఆఫీసులో కుర్చీలో కూర్చుని పనిచేస్తాడు. ఇంజన్ల గురించి ఆయనకు తెలిసిందంతా ఫోన్లో చూసిందే. ఆ జ్ఞానం లోపల పట్టక ఒక ఆదివారం మా వాకిట్లో పడింది.

"గీ బండికి పికప్ లేదు బాపూ. ఇంజన్ల ఎంత పవర్ దాగున్నదో నీకు ఎర్క లేదు" అన్నాడు.

"నేను గని దాకనే గదరా పోయేది" అన్నాడు బాపు.

కొడుకు ముచ్చటపడితే మా ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పరు. నేను కుట్టుమిషన్ కావాలన్నప్పుడు మాత్రం ఎందుకు, ఏమిటి, ఎక్కడ పెడతావు అని ఇంటిల్లిపాదీ అడిగారు.

మా కాలనీ ఆడవాళ్లకు ఒక విద్య ఉంది. షిఫ్టు వదలగానే బండ్లన్నీ ఒకేసారి వస్తాయి. ఏది ఎవరి బండో వాళ్లు వంటింట్లోంచే చెప్పేస్తారు. మలుపు దగ్గర బాపు బండి చప్పుడు వినబడగానే అవ్వ పొయ్యి మీది వేడినీళ్లు దించి బకెట్లో పోసేది. గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి బాపు ఫోను అల్మారాలోనే ఉండేది. మనిషి క్షేమంగా పైకి వచ్చాడని అవ్వకు చెప్పేది ఆ చప్పుడొక్కటే. ఆ సంగతి ఆమె ఎన్నడూ పైకి అనలేదు. నీళ్లు దించేది, అంతే.

అన్న వరసగా కొన్ని ఆదివారాలు వచ్చి బండిని విప్పదీశాడు. అన్ని రోజులూ బాపు పక్కింటాయన బండి వెనక కూర్చుని గనికి పోయాడు. హెడ్డును లేత్ మీద గీకించాడు అన్న. సిలిండర్ లోపలి దారులను ఆకురాయితో అరగదీసి వెడల్పు చేశాడు. పెద్ద బండి కార్బొరేటర్ తెచ్చి తగిలించాడు. సైలెన్సర్ లోపలిదంతా పీకి పారేశాడు. ఆయన ఫోన్లో చూసి నేర్చుకున్న వీడియోకు రెండో భాగం కూడా ఉందని, ఇన్ని మార్పులు చేస్తే ఇంజన్‌కు అందే పెట్రోలు కూడా పెంచాలని అందులో చెప్పారని మాకు తర్వాత తెలిసింది. ఆయన మొదటి భాగం చూసి ఇంజనీరైపోయాడు.

స్టార్ట్ చేసిన రోజు గల్లీ అంతా బయటికి వచ్చింది. కోళ్లు గోడెక్కాయి.

"ఎట్లున్నదే అవ్వా?"

"గిది మన బండేనా?" అంది అవ్వ.

అన్న దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. మీసం కూడా దువ్వాడు.

కాలనీలో సగం మంది పోరగాళ్లు సైలెన్సర్లకు చిల్లులు పొడిచి తిరుగుతారు. ఇప్పుడు బాపు బండి కూడా వాళ్ల బండ్లలాగే అరుస్తోంది. ప్రతి మోతకూ అవ్వ గేటు దాకా ఉరికేది. చూస్తే ఎవడో కాలేజీ పోరడు. నీళ్లు చల్లారేవి, మళ్లీ కాచేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు గనిలో పైకప్పు కూలిందని కబురు వచ్చింది. ఎక్కడ కూలిందో, ఎవరున్నారో ఎవరికీ సరిగా తెలియదు. షిఫ్టు వదిలారు. బండ్లు వచ్చాయి. మోత వినబడ్డప్పుడల్లా అవ్వ గేటు దగ్గరికి పోయింది, ఉత్త చేతులతో వెనక్కి వచ్చింది. పక్కింటాయన వచ్చి, కూలిన చోట మనుషులు లేరట అన్నాడు. బాపును మాత్రం తను చూడలేదట. తర్వాత బండ్లు రావడం కూడా ఆగిపోయింది. అవ్వ గేటు కమ్మీని పట్టుకుని నిలబడింది.

చీకటి పడే వేళకు మలుపు దగ్గర బాపు కనబడ్డాడు. హ్యాండిల్ పట్టుకుని నడుస్తున్నాడు. వెనక నుంచి ఇద్దరు తోటి కార్మికులు బండిని తోస్తున్నారు. సగం దారిలో ఇంజన్ వేడెక్కి, పిస్టన్ పట్టేసి బండి ఆగిపోయిందట. అంత పవర్ పెంచిన బండి ముగ్గురు మనుషుల బలంతో ఇల్లు చేరింది.

అవ్వ ఏడవలేదు. అన్నకు ఫోన్ చెయ్యమంది.

"మీ బాపు నడుసుకుంట వచ్చిండు. నువ్వు పెంచిన పవర్ నాకద్దు కొడుకా. ఎప్పటి చప్పుడు నాకు తెచ్చియ్యి" అంది.

"కొత్త పిస్టన్ ఏస్తనే. గీసారి ఇంకింత పికప్ అస్తది" అన్నాడు అన్న.

పిస్టన్ వచ్చింది, ఇంకో సైలెన్సర్ కూడా వచ్చింది. బండి నడుస్తోంది. కానీ అరగదీసిన ఇనుమును ఎవరూ తిరిగి అతికించలేరు. పాత చప్పుడు రాలేదు, కొత్తదాన్ని అవ్వ నమ్మలేదు. ఇప్పుడు షిఫ్టు వదిలే వేళకు పొయ్యి ఆర్పేసి, గేటు దగ్గరికి వచ్చి, బాపు ముఖం కనబడేదాకా నిలబడుతుంది.

అన్న వచ్చినప్పుడల్లా ఆమెను అక్కడ చూసి జాలిపడతాడు.

"గింత ఎండల ఎందుకు నిలబడుడే అవ్వా? జర లోపట కూసోరాదు?"