మల్‌సున్ పేరున వచ్చిన ప్రార్థనలు

“పెద్దావిడకి జలుబు చేసి ఒక్కరోజు వేకువ ప్రార్థనకి వెళ్ళలేదనుకో... మన పాపకేమైనా అవుతుందా?”

అన్నం తింటున్న భర్తతో ఈ మాట అనేసి ఇన్‌హే తనే సిగ్గుపడింది. ఆమె రసాయన శాస్త్రం చదువుకుంది. కొరియాలోని కున్‌సాన్ రేవులో నీటి పరీక్షల లాబులో ఉద్యోగం. ప్రార్థించినంత మాత్రాన గుండె కవాటం సరిగ్గా మూసుకోదని ఆమెకు తెలుసు. కానీ నాలుగేళ్ళ సోల్‌కు రెండో ఆపరేషన్ దగ్గరపడేకొద్దీ ఆ తెలివి ఎందుకూ కొరగాకుండా పోతోంది.

“ఆవిడకి జలుబేంటి? చేపల బజార్లో మంచుగడ్డల మధ్య జీవితమంతా కూర్చున్న మనిషి. జలుబే ఆవిణ్ణి చూసి పారిపోతుంది,” అన్నాడు భర్త.

ఆవిడ పేరు తాక్ మల్‌సున్. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే, ఇదే ఆఖరుది కావాలని తండ్రి ‘ఆఖరు’ అనే అర్థమొచ్చే ఆ పేరు పెట్టాడు. తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. “దేవుడు మా నాన్న మాటే వినలేదు, నా మాట వింటాడా?” అని నవ్వేది. పీతల వేటకు వెళ్ళిన మొగుడి పడవ తిరిగి రాలేదు. చేపలు కోసి, ఎండబెట్టి, అమ్మి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. రేవు వెనక గుట్ట మీది వీధిలో ఉన్న చర్చి కుటుంబాలకు ఆవిడే పెద్ద. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వెళ్ళి గుమ్మంలో చెప్పులు విప్పేది ఆవిడే. చర్చిలో అందరూ “ప్రభువా!” అని మూడుసార్లు అరిచి, ఎవరి మొర వాళ్ళు ఒక్కసారిగా పెట్టుకుంటుంటే, ఆ హోరులోనూ ఆవిడ బొంగురు గొంతు వేరుగా వినిపించేది.

ఈమధ్య మోకాళ్ళు అరిగి, గుట్ట ఎక్కడం తగ్గించింది. ఆవిడ ఇన్‌హే ఇంటికి వచ్చి చాలా రోజులైంది. కానీ వసంతకాలం నుంచీ వేకువ ప్రార్థన ముగిసే వేళకు చర్చి యాప్‌లో ఆవిడ పేరుతో సందేశం వచ్చేది. “ఈ ఉదయం సోల్ చిన్న గుండెను ప్రభువు అరచేతిలో ఉంచి వచ్చాను. మీరు నిశ్చింతగా పనికి వెళ్ళండి.”

లాబుకు వెళ్ళే బస్సులో ఇన్‌హే దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకునేది. దేవుడి సంగతి ఆమెకు తెలియదు. కానీ ఒక ముసలామె చీకట్లో లేచి, అరిగిన మోకాళ్ళ మీద కూర్చుని, తన బిడ్డ పేరు పలుకుతోంది. అది మాత్రం నిజంగా జరుగుతున్న సంగతి. ఆ ఒక్కదాని మీదే ఆమె నిలబడింది.

ఆపరేషన్‌కు ముందు ఆదివారం, బేరిపండ్ల పెట్టె పట్టుకుని చర్చి వంటగదికి వెళ్ళింది. ఆడవాళ్ళు మధ్యాహ్న భోజనానికి ముల్లంగి ఆకు పులుసు కాస్తున్నారు.

“మీ సందేశాలన్నీ దాచుకున్నానమ్మా. అవే లేకపోతే నేను పిచ్చిదాన్నయ్యేదాన్ని,” అంది ఇన్‌హే.

మల్‌సున్ గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. “ఏం సందేశాలే?”

ఇన్‌హే ఫోను చూపించి, పైకి చదివింది.

“అమ్మో, మన మల్‌సున్ కవిత్వం చెబుతోంది! ఫోనులో పచ్చ బొత్తాం తప్ప ఇంకోటి ఎరగదు కదే!” అని పొయ్యి దగ్గరావిడ పకపకా నవ్వింది. తక్కినవాళ్ళూ నవ్వారు. ఇన్‌హే ముఖం చూసి ఒక్కొక్కరే ఆపేశారు.

చర్చి యాప్ పనులు చూసే కుర్రాడు మిన్‌గ్యు అందిస్తున్న గిన్నెలు కింద పెట్టాడు. “యాప్‌లో పెట్టిన ప్రార్థన విన్నపాలు చూసి, వీధి పెద్దల పేర్లతో అదే దానంతటది రాసి పంపుతుందండీ. పేరు వాడుకోవచ్చా అని అడిగితే, పెద్దమ్మగారు సరేనన్నారు కదా.”

“ఏదో నొక్కమన్నావు, నొక్కాను. నా నోటితో ప్రార్థన చేసినట్టు చెబుతుందని చెప్పావట్రా?”

“ఎవరు రాస్తే ఏముందండీ, వాళ్ళకి ఓదార్పు దొరికింది కదా.”

వెనక నుంచి ఒకావిడ మల్‌సున్ మోచేతిని గిల్లింది. ఎల్లుండి ఆపరేషన్, ఈపూటకి అవునను, అని కళ్ళతోనే చెప్పింది.

ఇన్‌హే మాత్రం ఆవిడ నోటివైపే చూస్తోంది. “అవి యంత్రమే రాసిందనుకుందాం. మీరు పొద్దున్నే పాప కోసం ప్రార్థన చేస్తున్నారు కదమ్మా?”

పులుసు పొంగి పొయ్యిలో పడింది.

“లేదమ్మా. మోకాళ్ళు పోయాక వేకువ ప్రార్థనకే రావడం లేదు. మీ ఇంటి దగ్గర కనబడినప్పుడు చేస్తానన్నాను. ఇంటికెళ్ళి మర్చిపోయాను,” అంది మల్‌సున్.

ఇన్‌హే పండ్ల పెట్టెను బల్లమీద పెట్టి వచ్చేసింది. ఇంటికి వెళ్ళేదాకా ఒకటే ఆలోచన. ఇన్ని నెలలుగా సోల్ పేరును ఈ లోకంలో ఎవరూ ప్రార్థనలో పలకలేదు. తనూ పలకలేదు. ఆవిడ చేస్తోంది కదా అని ఊరుకుంది.

ఆపరేషన్ చాలాసేపు పట్టింది. గుండె ఆడుతోందన్నారు. మధ్యలో మెదడుకు రక్తం అందలేదని, ఎడమ చెయ్యి కదలడం లేదని, ఇప్పుడే ఏమీ చెప్పలేమని అన్నారు.

కర్రపట్టుకుని మల్‌సున్ ఆసుపత్రికి వచ్చింది. ఇన్‌హే పలకరించలేదు. ఆవిడ కూర్చోలేదు కూడా. గోడకు చెయ్యి ఆనించి, అందరూ చూస్తుండగానే, “ప్రభువా, సోల్. ప్రభువా, ఈ పిల్ల. సోల్,” అంది. అంతకుమించి మాటలు రాలేదు. అరచేయీ లేదు, నిశ్చింతా లేదు. ఇన్‌హేకు ఓదార్పేమీ కలగలేదు. కానీ ఏడుపు వచ్చింది.

వెళ్ళేముందు లిఫ్ట్ దగ్గర ఆవిడ ఆగింది. “మా ఆయన పడవ రానప్పుడు చర్చి అంతా ప్రార్థన చేస్తామన్నారు. చేశారో లేదో అడగడానికి భయపడ్డాను. నువ్వు అడిగావు. ఒకటి చెబుతా, విను. ప్రార్థన చేస్తానని ఎవరికీ మాటివ్వకు. చెయ్యాలనిపిస్తే అక్కడే, నిలబడ్డచోటే చేసెయ్. నోట్లో మాట లేకపోతే బిడ్డ పేరు అడిగి, అది పలుకు చాలు. ఆ పని మాత్రం ఇంకో మనిషి మీదకైనా, యంత్రం మీదకైనా తొయ్యకు.”

సోల్ చెయ్యి ఇంకా కదల్లేదు. దేవుడున్నాడో లేడో ఇన్‌హే ఇప్పటికీ తేల్చుకోలేదు. నిన్న పక్క మంచం పసివాణ్ణి ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే, వాళ్ళమ్మ వెంట పరుగెత్తలేక తలుపు దగ్గరే నిలబడిపోయింది. “ప్రార్థన చేస్తానండీ” అన్నమాట ఇన్‌హే పెదవుల దాకా వచ్చింది. దాన్ని మింగి, దగ్గరికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని, “బాబు పేరేంటి?” అని అడిగింది.